గడువు తీరిన సర్వర్‌కు బాధ్యులెవరు?

2024 జూన్ 30, ఆదివారం. సెంట్‌ఓఎస్ 7 అనే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ రోజుతో సపోర్టు ముగిసింది. మర్నాడు సోమవారం అది నడిచే ఆఫీసుల్లో ఏదీ ఆగలేదు. వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి, మెయిళ్లు వెళ్లాయి, హాజరు యంత్రాలు వేలిముద్రలు తీసుకున్నాయి. తేడా తెలిసింది సర్వర్ ముందు కూర్చుని 'యమ్ అప్‌డేట్' అని కమాండ్ కొట్టిన సిస్టమ్ అడ్మిన్‌కు మాత్రమే. అప్‌డేట్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే మిర్రర్‌లిస్ట్ చిరునామా దొరకడం లేదంటూ తెర మీద ఎర్రర్ వచ్చింది. కాస్త వెతికితే దానికి విరుగుడూ దొరుకుతుంది. సెట్టింగుల ఫైల్లో ఆ చిరునామా తీసేసి, పాత ప్యాకేజీలు భద్రపరిచిన 'వాల్ట్' చిరునామా రాసుకుంటే ఎర్రర్ పోతుంది. మళ్లీ అదే కమాండ్ కొడితే, అప్‌డేట్ చేయాల్సిన ప్యాకేజీలేవీ లేవన్న జవాబు వస్తుంది.

నన్నడిగితే ఎర్రర్ కన్నా ఈ జవాబే ప్రమాదకరం. సక్రమంగా ప్యాచ్‌లు పడుతున్న సర్వర్ కూడా అచ్చం ఇదే మాట చెబుతుంది. అక్కడ దాని అర్థం రావాల్సినవన్నీ వచ్చేశాయని, ఇక్కడ ఇక ఎవరూ పంపరని. నెలకోసారి అప్‌డేట్ చూశామని రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకునే చోట ఆ టిక్కు ఇవాళ్టికీ పడుతూనే ఉంటుంది.

సపోర్టు అనగానే చాలామందికి ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి గుర్తొస్తాడు. సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అసలైన సపోర్టు కంటికి కనిపించదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. సెంట్‌ఓఎస్ 7 కెర్నెల్ సంఖ్య 3.10. ఆ కెర్నెల్ 2013 నాటిది. 2014 జూలైలో సెంట్‌ఓఎస్ 7 విడుదలైన నాటి నుంచి చివరి రోజు దాకా ఆ అంకె మారలేదు, లోపల సరుకు మాత్రం మారుతూ వచ్చింది. కొత్త కెర్నెళ్లలో చేసిన భద్రతా సవరణలను, లైనక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ సంస్థ ఇంజినీర్లు పాత కోడ్‌కు సరిపడేలా మలిచి అతికేవారు. ఆ కోడ్‌ను సెంట్‌ఓఎస్ బృందం తిరిగి కూర్చి ఉచితంగా పంచేది. దీన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. వెర్షన్ అంకెను మాత్రమే చూసే స్కానర్లకు ఈ సంగతి తెలియదు కాబట్టి ఆ పదేళ్లూ అవి ఊరికే గగ్గోలు పెట్టేవి. ఆడిట్ వాళ్లు ఎర్ర రంగు నివేదిక తెచ్చి ముందు పెడితే, "అది ఫాల్స్ పాజిటివ్ సార్, ప్యాచ్ పడింది, నంబరు మారదంతే" అని అడ్మిన్ చెప్పేవాడు. చాలాసార్లు అతని మాటే నిజం. 2024 జూన్ 30 తర్వాత బయటపడిన లోపాల విషయంలో అదే మాట చెల్లదు. కానీ పదేళ్లు నిజమైన మాట చెప్పేవాడి నోటికీ వినేవాడి చెవికీ అలవాటైపోయింది.

సెంట్‌ఓఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన దగ్గర సర్వర్ గదుల్లో అది అంతగా పాతుకుపోవడానికి కారణం ధర. రెడ్‌హ్యాట్ డబ్బు తీసుకుని అమ్మే లైనక్స్‌ను, దాని సోర్సు కోడ్ నుంచే మళ్లీ తయారుచేసి, 2004 నుంచి స్వచ్ఛంద బృందం ఉచితంగా ఇస్తూ వచ్చింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో లైనక్స్ నేర్చుకున్న కుర్రాడు సాధన చేసింది దాని మీదే. ఉద్యోగంలో చేరాక ఎక్కించిందీ అదే. 2014 జనవరిలో రెడ్‌హ్యాట్ ఆ ప్రాజెక్టును తన గొడుగు కిందికి తెచ్చుకుంది. 2019లో రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం కొనేసింది. 2020 డిసెంబరు 8న ఓ ప్రకటన వెలువడింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ను 2021 ఆఖరుకే ఆపేస్తున్నామన్నది దాని సారాంశం. ముందుచూపుతో 7 నుంచి 8కి మారినవాళ్లకు ఏడాది వ్యవధి మిగిలింది. ఏమీ చేయకుండా 7తో కూర్చున్నవాళ్లకు మరో మూడున్నరేళ్లు దొరికాయి. శ్రద్ధగలవాడికి శిక్ష పడి, బద్ధకస్తుడికి బహుమతి దక్కిందన్నమాట. ఆ తర్వాత రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ ఆ ఖాళీని నింపాయి, బాగానే నిలబడ్డాయి. కానీ "మారండి" అని ఎవరైనా అంటే సిస్టమ్ అడ్మిన్ ముఖంలో కనిపించే అనుమానాన్ని మొండితనమని కొట్టిపారేయలేం. ఆ అనుమానానికి తేదీతో సహా కారణం ఉంది.

పాతదే మేలన్న వాదానికి సెంట్‌ఓఎస్ 7 గడువు తీరిన వారంలోనే ఇంకో బలం దొరికింది. సపోర్టు ముగిసిన మర్నాడే, జూలై 1న, క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో తీవ్రమైన లోపాన్ని బయటపెట్టారు. దాని గుర్తింపు సంఖ్య సీవీఈ-2024-6387. దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించడానికి ప్రపంచమంతా వాడే తలుపు ఓపెన్ఎస్ఎస్‌హెచ్. 2006లో ఒకసారి పూడ్చిన కన్నమే 2020లో జరిగిన ఒక మార్పు వల్ల మళ్లీ తెరుచుకుంది. ఆ లోపం ఉన్నది 8.5 నుంచి 9.7 వరకు ఉన్న వెర్షన్లలో. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 7.4. అంటే కొత్త సర్వర్ల వాళ్లు రాత్రికి రాత్రి ప్యాచ్‌లు వేసుకుంటుంటే, నిన్ననే సపోర్టు పోయిన సర్వర్‌కు ఏమీ కాలేదు. ఈ ఉదంతాన్ని నేను దాచిపెట్టదలుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ పాతబడ్డంత మాత్రాన ఆ రోజే చిల్లు పడదు. అయితే ఈసారి కాపాడింది అదృష్టం. వచ్చేసారి లోపం పాత కోడ్‌లో ఉంటే దాన్ని పూడ్చే నాథుడు ఉండడు.

అలాంటి సందర్భం ఎలా ఉంటుందో విండోస్ సర్వర్ 2003 చూపించింది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జూలై 14న ఆగింది. అందులోని ఐఐఎస్ 6.0 వెబ్ సర్వర్‌లో ఓ లోపాన్ని దుండగులు 2016 నడిమి నుంచే వాడుకుంటున్నారని 2017 మార్చిలో బయటపడింది. దాడి కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. సపోర్టు లేదు కాబట్టి ప్యాచ్ లేదు. చివరికి ఆ జూన్‌లో మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకుని ప్యాచ్ ఇచ్చింది. ఈ లోపు గడిచిన నెలల్లో ఆ సర్వర్లు తలుపు తీసిన ఇళ్లే.

ఆ నెలల మధ్యలోనే వచ్చింది వాన్నాక్రై. 2017 మే 12న మొదలై ప్రపంచమంతా పాకిన ఆ రాన్సమ్‌వేర్ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా కొన్నింటిని పట్టుకుంది. మన పత్రికల్లో మొదటి పేజీ వార్త అయింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది, కానీ సపోర్టు ఉన్న వెర్షన్లకే. విండోస్ ఎక్స్‌పీకి, సర్వర్ 2003కు దాడి మొదలయ్యాక గానీ అందరికీ ప్యాచ్ దొరకలేదు. అప్పటినుంచి "పాత విండోస్ వల్లే వాన్నాక్రై" అన్నది స్థిరపడిపోయింది. బ్రిటన్‌లో దాదాపు 80 ఆసుపత్రి ట్రస్టులు ఆ దాడితో అతలాకుతలమయ్యాయి. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ తర్వాత చేసిన విచారణలో మాత్రం వేరే సంగతి తేలింది. దాడికి గురైన యంత్రాల్లో ఎక్కువ భాగం అప్పటికి ఇంకా సపోర్టు ఉన్న విండోస్ 7వి. ప్యాచ్ వచ్చి రెండు నెలలైంది, వేసినవాడు లేడు.

కాబట్టి రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి మందు లేకపోవడం, రెండోది మందు ఇంట్లో ఉండీ వేసుకోకపోవడం. రెండో జబ్బు ఉన్న సంస్థ కొత్త వెర్షన్ కొన్నా రెండేళ్లలో మళ్లీ అక్కడికే చేరుతుంది. అందుకే "అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుంది" అన్న కన్సల్టెంట్ల సలహాను నేను సగమే నమ్ముతాను.

వెంటనే మారలేని పరిస్థితులు నిజంగానే ఉంటాయి. స్కానింగ్ యంత్రంతో పాటు వచ్చిన సర్వర్‌ను కదిపితే యంత్రం తయారీదారు గ్యారంటీ పోతుందంటాడు. పీహెచ్‌పీ 5.6లో రాసిన పెన్షన్ల అప్లికేషన్ కొత్త పీహెచ్‌పీలో తెరుచుకోదు. 5.6కు 2018 డిసెంబరు 31తోనే కాలం చెల్లింది. రాసిన కంపెనీ మూతపడింది, రాసిన కుర్రాడు డాలస్‌లో ఉన్నాడు. సర్వర్ గదిలో డబ్బా మీద ఎవరో అంటించిన కాగితం ఉంటుంది: 'దయచేసి ఆపవద్దు'. ఎందుకు ఆపకూడదో ఆ గదిలో ఉన్న ఎవరికీ తెలియదు. ఇలాంటి చోట నీతులు చెప్పి లాభం లేదు. ఆ యంత్రాన్ని మరో ఏడాదో రెండేళ్లో ప్రమాదం తగ్గించి నడిపే దారి చూపాలి.

మొదటి పని దాన్ని ఇంటర్నెట్‌కు నేరుగా కనిపించకుండా చేయడం. సెంట్‌ఓఎస్ 7లోని ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2కు టీఎల్ఎస్ 1.3 రాదు. దాని ముందు సపోర్టు ఉన్న కొత్త లైనక్స్ మీద ఒక రివర్స్ ప్రాక్సీ నిలబెడితే బయటివాళ్లతో మాట్లాడేది అదే అవుతుంది. పాత సర్వర్‌కు వచ్చేది ప్రాక్సీ వడకట్టి పంపిన రిక్వెస్టు మాత్రమే. వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ పెడితే తెలిసిన దాడుల్ని కొన్నింటిని అక్కడే ఆపొచ్చు. దీన్ని వర్చువల్ ప్యాచింగ్ అని ఘనంగా అమ్ముతారు గానీ, అది లోపాన్ని పూడ్చదు, దారికి అడ్డంగా నిలబడుతుందంతే. తిప్పి రాసిన దాడి దాన్ని దాటిపోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనదీ, మనవాళ్లు దాదాపు ఎప్పుడూ చేయనిదీ ఒకటుంది. పాత సర్వర్ నుంచి బయటికి పోయే దారి మూసేయడం. లోపలికి వచ్చే దారి మీద ఉన్న శ్రద్ధ బయటికి పోయే దారి మీద ఉండదు. దొంగ ఎలాగో లోపలికి వచ్చినా, మిగతా సరంజామా దింపుకోవడానికి, దోచింది పంపుకోవడానికి అతనికి ఇంటర్నెట్ కావాలి. పెన్షన్ల సర్వర్‌కు డేటాబేస్‌తో, ప్రాక్సీతో తప్ప మరెవరితో పని? ఫైర్‌వాల్‌లో ఆ రెండింటికే అనుమతిచ్చి మిగతావన్నీ కట్టేయడానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఓ మధ్యాహ్నం పని.

లోపలి గోడలు కూడా అంతే అవసరం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ పాలైనప్పుడు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి చేత్తో రాసుకున్నారు. అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని కూడా చెప్పింది. రిసెప్షన్ కంప్యూటర్, రోగుల డేటాబేస్, ఎవరో మరిచిపోయిన పాత సర్వర్, అన్నీ ఒకే వరండాలో తలుపుల్లేని గదుల్లా ఉంటే బలహీనమైనది ఒక్కటి చాలు. గడువు తీరిన సర్వర్‌ను వేరే నెట్‌వర్క్ విభాగంలో పెట్టి, ఎవరు ఏ పోర్టులో రావచ్చో రాసి పెట్టాలి. అడ్మిన్లు కూడా మధ్యలో ఒక జంప్ సర్వర్ ఎక్కి, రెండంచెల ధ్రువీకరణ దాటి రావాలి. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఆ యంత్రంలో ఎవరూ ఎప్పుడూ లాగిన్ కాకూడదు. అక్కడ దొరికిన పాస్‌వర్డ్ సంస్థ మొత్తానికి తాళంచెవి అవుతుంది.

వాడని సర్వీసులు ఆపడం, విండోస్ అయితే ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తీసేయడం, లాగ్‌లు వేరే యంత్రానికి పంపడం, బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్‌కు అందకుండా ఉంచి ఏడాదికి రెండుసార్లయినా దాని నుంచి సర్వర్‌ను లేపి చూడటం తెలిసిన పనులే. చేసేవాళ్లే తక్కువ.

ఒక భ్రమ గురించి చెప్పాలి. "పాత సర్వర్‌ను డాకర్ కంటైనర్‌లో పెట్టేశాం, ఇక ఫరవాలేదు" అని ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. కంటైనర్‌లో పెడితే కెర్నెల్ మాత్రం కింద ఉన్న కొత్త సిస్టమ్‌ది అవుతుంది, అది మేలే. లోపల ఉన్న పాత పీహెచ్‌పీ, పాత లైబ్రరీలు అలాగే ఉంటాయి. దాడి సాధారణంగా వచ్చేది వాటి గుండానే. వర్చువల్ మెషీన్‌లోకి మార్చినా అంతే. పాడైపోయే ఇనుప డబ్బా బెడద తప్పింది, సాఫ్ట్‌వేర్ వయసు తగ్గలేదు.

డబ్బు పెట్టగలిగితే ప్యాచ్‌లు కొనుక్కోవచ్చు. సెంట్‌ఓఎస్ 7ను అక్కడికక్కడే రెడ్‌హ్యాట్ లైనక్స్ 7గా మార్చే సాధనం ఉంది. మార్చాక అదనపు రుసుం కడితే 2028 జూన్ ఆఖరు దాకా ముఖ్యమైన భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. టక్స్‌కేర్ వంటి సంస్థలు సెంట్‌ఓఎస్‌కే నేరుగా ప్యాచ్‌లు అమ్ముతున్నాయి. 2023 అక్టోబరు 10న సపోర్టు ముగిసిన విండోస్ సర్వర్ 2012కు మైక్రోసాఫ్ట్ డబ్బు తీసుకుని 2026 అక్టోబరు 13 వరకు మరో మూడేళ్లు ఇచ్చింది. అదే సర్వర్‌ను తన అజూర్ క్లౌడ్‌లో పెట్టుకుంటే ఆ రుసుం ఉండదంది. ఇది దాతృత్వం కాదని చెప్పనక్కర్లేదు. గడువు ముగింపును కస్టమర్‌ను క్లౌడ్‌లోకి తోలే కర్రగా వాడుకోవడమే. అయినా, చేతిలో వేరే దారి లేనివాళ్లకు ఇలాంటి పొడిగింపు కొనడం తెలివైన పనే, అందులో కొన్నది కాలమని గుర్తుంటే. మూడేళ్లు కొని రెండేళ్ల పదకొండు నెలలు ఫైలు కదలకపోతే ఆ డబ్బు వృథా.

ఇక్కడికి అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. ఈ తేదీలేవీ పిడుగులు కావు. సెంట్‌ఓఎస్ 7 గడువు ఏళ్ల ముందు నుంచే అందరికీ తెలిసిన తేదీ. విండోస్ సర్వర్ ప్రతి వెర్షన్‌కూ విడుదల నాడే ముగింపు రోజు రాసి ఉంటుంది. అయినా ప్రతిసారీ ఆఖరి నెలలో హడావుడి ఎందుకంటే, ఆఫీసులో ఆ తేదీ ఎవరి పనీ కాదు. టెండర్ పిలిచిన విభాగం కొనుగోలుతో చేతులు దులుపుకుంటుంది. ఎల్1గా, అంటే అతి తక్కువ ధర కోట్ చేసి వచ్చిన వెండర్ మూడేళ్ల నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ)లో హార్డ్‌వేర్ చూస్తాడు, ఓఎస్ తన పని కాదంటాడు. అప్లికేషన్ రాసినవాడు కొత్త ఓఎస్ మీద మేం పరీక్షించలేదంటాడు. నెట్‌వర్క్ వాళ్లు సర్వర్ మాది కాదంటారు. ఆపి మారుస్తామంటే ఒక పూట సేవలు ఆగుతాయని పై అధికారి ఒప్పుకోడు. "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఫైలు వెనక్కొస్తుంది. తిలా పాపం తలా పిడికెడు. కొన్న రోజున ప్రారంభోత్సవం చేసి ఫొటో దిగిన సర్వర్‌కు, విరమణ రోజున సంతకం పెట్టేవాడు కనిపించడు.

చట్టం ఈ ఖాళీని సగమే పూడ్చింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. సపోర్టు పోయిన సర్వర్‌లో జనం ఆధార్ నంబర్లు పెట్టుకుని, తగిన చర్యలు తీసుకున్నామని వాదించడం ఏ లాయరుకైనా కష్టమే. కానీ ఇవన్నీ దాడి జరిగాక పనికొచ్చేవి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021లో 'చెడు అలవాట్ల' జాబితా మొదలుపెట్టి, కీలక సేవల్లో సపోర్టు లేని సాఫ్ట్‌వేర్ వాడటాన్ని అందులో మొట్టమొదట చేర్చింది. యూరప్ ఇంకో వైపు నుంచి వస్తోంది. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సైబర్ రెసిలియన్స్ యాక్ట్ ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. వాటి ప్రకారం తయారీదారు సాధారణంగా కనీసం అయిదేళ్లు భద్రతా సపోర్టు ఇవ్వాలి, అది ఎప్పటిదాకానో అమ్మేటప్పుడే చెప్పాలి. భారం వాడేవాడి నుంచి కొంతైనా తయారుచేసేవాడి మీదికి మారడం న్యాయమే.

మన రాష్ట్రాల ఐటీ శాఖలు చట్టం కోసం ఆగనక్కర్లేదు, టెండర్ పత్రం వాళ్ల చేతిలోనే ఉంది. ఓఎస్, డేటాబేస్, వెబ్ సర్వర్, రాసిన భాష, ఒక్కోదాని సపోర్టు ఏ తేదీతో ముగుస్తుందో బిడ్‌లోనే పట్టిక అడగాలి. కాంట్రాక్టు కాలంలో వాటిలో ఏది ముగిసినా తర్వాతి వెర్షన్ మీద అప్లికేషన్‌ను నడిపి చూపించే బాధ్యత వెండర్‌దేనని, ఆ ఖర్చు కోట్ చేసిన ధరలోనే ఉందని రాయించుకోవాలి. ఎల్1 ధర కొంత పెరుగుతుంది. పెరగనివ్వండి. ఇప్పుడు తక్కువగా కనిపిస్తున్న ధర ఈ ఖర్చును ఏడేళ్ల తర్వాతి అధికారి నెత్తిన పెట్టి తగ్గించినదే. గడువు దాటాక కూడా ఒక సర్వర్ నడవాలంటే, శాఖాధిపతి ఆరు నెలల గడువుతో, కారణం చూపి, సంతకం చేయాలి. పొడిగించాలంటే మళ్లీ సంతకం. కాగితం మీద పేరు పడితే మన ఆఫీసుల్లో ఫైలు ఎంత వేగంగా కదులుతుందో అందరికీ తెలిసిందే.

పరీక్షించుకోవడానికి తేదీ కూడా దగ్గర్లోనే ఉంది. విండోస్ సర్వర్ 2016కు 2027 జనవరి 12న సపోర్టు ముగుస్తుంది. అది 2026-27 ఆర్థిక సంవత్సరంలోకే వస్తుంది. ఏ శాఖలో అలాంటి సర్వర్లు ఎన్ని ఉన్నాయో, వాటిని మార్చే ఖర్చు ఆ ఏడాది ఏ పద్దు కింద, ఏ అధికారి పేరు మీద పెట్టారో సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా అడగవచ్చు.